ఆపరేటరు గారి వినికిడి

ఆపరేటరు గారు పోయారు. ఆ కబురు నాకు పొద్దున పదకొండు గంటలప్పుడు తెలిసింది. ప్రెస్సులో ఎవరిదో శుభలేఖ కంపోజ్ చేస్తున్నాను. ఫోన్ మోగింది. ఆవిడ చెల్లెలు గారి నంబరు. ఫోన్ మోగితే నాకు భయం, ఎందుకో తర్వాత చెబుతాను. మోగి మోగి ఆగిపోయేముందు తీశాను.

"అక్క పోయిందయ్యా," అన్నారావిడ. "కాఫీ తాగుతానంది. కలిపి తెచ్చేసరికి కుర్చీలో అలాగే ఉంది."

"ఆదివారం రమ్మన్నారండీ," అన్నాను నేను. ఎవరైనా పోయారని చెబితే అనవలసిన మాట కాదది. నా నోటికి అదే వచ్చింది. ఆ రోజు శుక్రవారం.

ఈ పత్రికలో నెలనెలా వచ్చే ముఖాముఖి చదివేవారికి ఆవిడ తెలిసే ఉంటారు. రచయితలతో, ఆలోచనాపరులతో, ఏదో ఒక విషయం మీద జీవితమంతా బుర్ర బద్దలు కొట్టుకున్న మనుషులతో కూర్చుని మాట్లాడటం, ఆ మాటల్ని కాగితం మీద పెట్టడం ఆవిడ పని. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చాలా ఏళ్లు చేసి, వాలంటరీ రిటైర్మెంట్ తీసుకుని ఇందులోకి వచ్చారు. పటమటలో పేరు చెప్పి ఆవిడ ఇంటికి దారి అడిగితే ఎవరికీ తెలియదు. ఆపరేటరు గారి ఇల్లు అంటే కిళ్లీ కొట్టాయన కూడా చెయ్యెత్తి చూపిస్తాడు. నేను గవర్నరుపేటలో ఒక ప్రెస్సులో డీటీపీ చేస్తాను. ఆవిడ రికార్డు చేసి తెచ్చిన మాటల్ని టైపు చేసేవాణ్ణి, ఆదివారాలు స్కూటరు మీద ఎక్కించుకుని తిప్పేవాణ్ణి. "ఇద్దరం ఆపరేటర్లమే కదయ్యా, నాది టెలిఫోను, నీది కంప్యూటరు," అని నవ్వేవారు. అలా పదకొండేళ్లు తిరిగాం.

ఆవిడకి ధైర్యం ఎక్కువని అందరూ అనుకునేవారు. నేను చూసిన మనిషి వేరు. ఎవరింటికి వెళ్లినా గేటు ముందు ఒక్క నిమిషం ఆగేవారు. చీర కొంగుతో అరచేతులు తుడుచుకునేవారు. ఒకసారి స్కూటరు దిగుతూ ఆసరాకి నా భుజం పట్టుకుంటే, చొక్కా మీంచి కూడా ఆ వేళ్ల చల్లదనం తెలిసింది. నడి మే నెల, ఎండ మాడ్చేస్తోంది.

"భయమా మేడమ్?" అని అడిగాను.

"భయమే. అది లేకపోతే వెనక్కి వెళ్లిపోదాం పద. భయం లేకుండా ఒకళ్లింట్లోకి వెళ్లి ప్రశ్నలు అడక్కూడదయ్యా."

నేను పుట్టు పిరికివాణ్ణి. కుక్కకి, ఇంజెక్షనుకి, మా మేనేజరుకి ఒకేలా భయపడతాను. ఆవిడ ఆ మాట అన్నాక నాది కూడా గొప్ప భయమేననుకుని కొన్నాళ్లు సంబరపడ్డాను. కాదని తర్వాత తెలిసింది.

ఆ భయం ఎక్స్ఛేంజిలోనే పట్టుకుందని చెప్పేవారు. ట్రంకు కాల్ కలిపాక ఆపరేటరు లైన్లోంచి తప్పుకోవాలి. తప్పుకునే ఆ ఒక్క క్షణం అవతలి మనిషి ఊపిరి వినపడేదట. "చావు కబురు చెప్పేవాళ్లు ముందు మంచినీళ్లు తాగుతారయ్యా. ఆ గుటక నాకు వినపడేది. ఇవతల బందరులో ఫోనెత్తిన పిల్ల నవ్వుతూ హలో హలో అంటూ ఉంటుంది. దానికింకా తెలియదు. నాకు తెలుసు." మాట మోసుకెళ్లడం ఎంత ప్రమాదమైన పనో అక్కడ తెలిసిందనేవారు. రికార్డింగుల్లో ఎవరైనా మాట మధ్యలో ఆగిపోతే ఆ ఖాళీని నేను వదిలేసి టైపు చేసేవాణ్ణి. ఆవిడ పట్టుకునేవారు. "ఇక్కడ ఆయన ఆగాడు. ఆగాడని రాయి," అనేవారు.

ఎంత పెద్దవాళ్లనైనా ఆవిడ మొదట అడిగే ప్రశ్న ఒకటే. "మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది ఎవరండీ?" సంస్కృతి గురించి, సాహిత్యం గురించి నాలుగు పేజీల నోట్సు సిద్ధం చేసుకుని కూర్చున్నాయన ఆ ప్రశ్నకి తెల్లమొహం వేసేవాడు. లోపలికి తిరిగి "ఏమోయ్, మనింట్లో ముందు లేచేది ఎవరు?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆవిడ నవ్వేవారు కాదు, రాసుకునేవారు. ఆ ప్రశ్న తర్వాత పెద్దపెద్ద మాటలు వాటంతటవే కాస్త నేల మీదకి దిగేవి.

ఇక వినికిడి. ఆ పేరు ఆవిడ పెట్టిందే. మాటలు టైపు చేశాక, అచ్చుకి ఇచ్చేముందు, మళ్లీ ఆ ఇంటికే వెళ్లి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించేవారు. కాగితాలు చేతికిచ్చి చూసుకోమంటే ఊరుకునేవారు కాదు. "ఎవరి మాట వాళ్లు కళ్లతో చూసుకుంటే మురిసిపోతారయ్యా. వేరేవాళ్ల నోట వింటే అప్పుడు ఉలిక్కిపడతారు," అనేవారు. వద్దన్న వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి, ఆ కాగితం మడిచి వాళ్ల చేతికే ఇచ్చేసేవారు. "ఇది మీదండీ," అని. రికార్డింగు వాళ్ల ఎదురుగానే చెరిపేసేవారు.

గన్నవరంలో ఒక కవి గారుండేవారు. సభలో మైకు లేకుండా చివరి వరసదాకా వినపడే గొంతు. ప్రభుత్వానికి భయపడను, దేవుడికి భయపడను అని ముఖాముఖిలో రెండుసార్లు చెప్పారు. వినికిడి రోజున ఆవిడ చదువుతుంటే సోఫాలో దిండు తీసి ఒళ్లో పెట్టుకుని, దాని కిందకి చేతులు దూర్చి కూర్చున్నారు. సొంత తమ్ముడి గురించి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, "అది నేనన్నానా?" అన్నారు, వినీ వినపడకుండా.

"అన్నారండీ."

"వాడు చదువుతాడండీ ఇది."

ఆవిడ ఎర్ర పెన్ను తీశారు. పైన విమానమేదో దిగుతోంది. ఆ చప్పుడు తగ్గేదాకా ఆగి, తర్వాతి వాక్యం అందుకున్నారు. బయటికి వచ్చాక ఆవిడ కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డారు.

చదివేటప్పుడు ఆవిడ గొంతు ఎప్పుడూ కావలసినదానికన్నా పెద్దగా ఉండేది. మనిషి ఎదురుగానే కూర్చుంటే అంత గట్టిగా ఎందుకని మొదట్లో అడిగాను. "లోపల వింటున్నారు," అన్నారు. నిజమే, వంటింటి గుమ్మంలోనో, కర్టెను వెనకో, వరండాలో బియ్యం ఏరుతూనో ఎవరో ఒకరు ఉండేవారు. "మాట్లాడి ఊరుకునేది ఈయన. అది అచ్చయ్యాక దాంతో కాపురం చెయ్యాల్సింది వాళ్లు." మాట ఎవరి మీద పడిందో వాళ్లు కూడా విని ఊ అంటే తప్ప ఆ కాగితాలు ప్రెస్సుకి వచ్చేవి కావు. ఈ పద్ధతి నాకు తెలియదని నేను ఎప్పటికీ చెప్పుకోలేను.

ఏడేళ్ల కిందట పామర్రులో ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాం. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి, మనుషుల మధ్య సమానత్వం గురించి, ఇంట్లో ఆడా మగా ఎలా బతకాలన్నదాని గురించి మంచి వ్యాసాలు రాసిన మనిషి. కోపిష్టి. నేను రికార్డింగు పెట్టడం కాస్త ఆలస్యమైతే, "ఏమయ్యా, నీకీ పని వచ్చా?" అన్నారు. ఆ ఒక్క మాటకే బిక్కచచ్చిపోయాను.

ముందు లేచేది తన భార్యేనని మొదటి ప్రశ్నకి ఒప్పుకున్నారు. తర్వాత మాట మీద మాట వచ్చి, "నలభై ఏళ్లుగా రాస్తున్నాను. నా ఇంట్లో నా రాత చదివిన మనిషి లేదు," అన్నారు. ఆ ఇల్లాలు అప్పుడు మజ్జిగ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ట్రే తెచ్చి బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయారు. ఆపరేటరు గారు ఆవిడ వెళ్లిన వైపే చూశారు. "వినికిడి రోజున తేలుతుందిలే," అన్నారు తిరుగుదారిలో, కంకిపాడు దాటాక.

మాస్టారికి చెయ్యి వణుకుతుంది. ఆయన రాసింది ఆయనకే అర్థం కాదు. ఆ వ్యాసాలన్నీ పత్రికలకి వెళ్లింది ఆ ఇల్లాలి చేతిరాతలో. ప్రతి ముక్కా ఆవిడే సాపు రాశారు. ఈ సంగతి అప్పుడు మాకు తెలియదు. ఇప్పుడు కూడా, ఆ ఇల్లాలు విని "ఉండనివ్వండి" అన్నాకే ఇక్కడ ఉంచాను.

ఆ వారం ఆపరేటరు గారికి కంటి ఆపరేషనైంది. పత్రికకి గడువు దగ్గర పడింది. "ఈసారి నువ్వెళ్లి చదివిరా," అని కాగితాలు నా చేతిలో పెట్టారు. "గట్టిగా చదువు. ఆవిడ వినాలి."

ఉయ్యూరు దాకా వెళ్లాను. వాన పడుతోంది. వాన వల్లే ఆగానని చెప్పుకోవచ్చు గాని, అంత వానేం కాదు. ఆ మాస్టారి ఎదురుగా కూర్చుని, ఆయన మాట ఆయనకే చదివి వినిపించడం తలుచుకుంటే నోరు తడారిపోయింది. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర స్కూటరు ఆపాను. రెండు టీలు తాగాను. పామర్రు మీదుగా పోయే బస్సులు నా ముందునుంచే పోతున్నాయి. జేబులోంచి ఫోన్ తీసి మాస్టారికి చేశాను. "నేను చెప్పిందే కదయ్యా, వేసుకోండి," అన్నారాయన. స్కూటరు వెనక్కి తిప్పాను.

పటమట వచ్చేసరికి ఆవిడ ఒక కంటికి కట్టుతో ముందు గదిలో కూర్చుని ఉన్నారు.

"వెళ్లావా?"

"వెళ్లానండీ."

"గట్టిగా చదివావా?"

"చదివానండీ."

"లోపల విన్నారా?"

"విన్నారండీ."

"ఏమన్నారు?"

"బాగుందన్నారండీ."

ఒక్క అబద్ధంతో పోతుందనుకుని వెళ్లినవాణ్ణి, నిలబడ్డచోట నాలుగు చెప్పాను. ఆవిడ ఆ రెండో కంటితో నన్ను కాసేపు చూసి, "తల తుడుచుకో," అని తువ్వాలు ఇచ్చారు.

అచ్చయిన రెండు నెలలకి ప్రెస్సు ఫోను మోగింది. నేనే తీశాను. అవతల మాస్టారు. గొంతులో కోపం లేదు, అది నన్ను ఇంకా భయపెట్టింది. "ఏమయ్యా, మా ఆవిడ అది చదివింది. వండుతుంది, పెడుతుంది, మాట్లాడుతుంది. సాపు రాయడం మాత్రం మానేసింది. నా కాగితాలు ముట్టుకోవడం లేదు. మీ ఆపరేటరు గారిని ఒక్కసారి పంపిస్తావా?" అన్నారు.

"చెబుతానండీ," అన్నాను. చెప్పలేదు.

ఆ తర్వాత ఆయన వ్యాసం ఎక్కడా రాలేదు. ప్రెస్సుకి వచ్చే ప్రతి పత్రికలోనూ ఆయన పేరు కోసం వెతికేవాణ్ణి. ఒక్కసారి కనిపిస్తే చాలు, నేను చేసింది అంత పెద్ద తప్పు కాదనుకోవచ్చని. కనపడలేదు. ఒక మనిషి నలభై ఏళ్ల రాత నేను టీ తాగిన చోట ఆగిపోయింది. ఇక అప్పట్నుంచి ఫోను మోగితే గుండె జారిపోయేది. ఆపరేటరు గారి ఇంట్లో మోగితే ఆవిడ ముఖంలోకి చూసేవాణ్ణి. పామర్రు వైపు పనుందంటే నాకు జ్వరం వచ్చేది, నిజంగానే వచ్చేది, మా ఇంట్లో థర్మామీటరు పెట్టి చూశారు కూడా.

నెల కిందట సంపాదకుల వారు ఒక కోరిక కోరారు. ఇన్నాళ్లూ అందరినీ అడిగిన మనిషిని ఈసారి ఎవరైనా అడగాలని. అడిగేది నేనైతేనే కూర్చుంటానన్నారు ఆపరేటరు గారు. ఆవిడ ముందు గదిలో, ఫోన్ బల్ల మీద పెట్టి, వేరే ప్రశ్న తోచక, "మీ ఇంట్లో పొద్దున్నే ముందు లేచేది ఎవరండీ?" అని మొదలుపెట్టాను.

"మా చెల్లెలు. నేను లేచే ఉంటాను గాని నిద్ర నటిస్తాను."

"ఇన్నాళ్లకి ఒప్పుకుంది," అన్నారు చెల్లెలు గారు వంటింట్లోంచి.

సంస్కృతి అంటే ఏమిటండీ అని అడిగాను. "పెద్దవాళ్లు పుస్తకాల్లో చాలా రాశారు. నాకు తెలిసింది ఒకటే, ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగగలగడం. అది కూడా నాకు అన్నిసార్లూ చేతకాలేదు," అన్నారు. ఆ మధ్యాహ్నం చాలా బాగా గడిచింది. భయపడటం కూడా మరిచిపోయాను.

రెండో రోజు, నా నోట్సులో లేని ప్రశ్న ఒకటి నోట్లోంచి జారింది. "మీ పనిలో ఎప్పుడైనా తప్పు జరిగిందాండీ?" ఎందుకడిగానో నాకు తెలియదు. దొరికిపోతే బాగుండునని లోపల ఎక్కడో ఉండి ఉంటుంది. రికార్డింగులో అక్కడ చాలాసేపు ఫ్యాను చప్పుడే ఉంది. ఆ తర్వాత ఆవిడ గొంతు.

"జరిగింది. పామర్రులో. నేను వెళ్లాల్సిన చోటికి వేరేవాళ్లని పంపాను. వాళ్లకి భయమని తెలుసు నాకు. తెలిసీ ఒంటరిగా పంపాను. భయపడేవాళ్ల పక్కన ఇంకొకరు ఉండాలి. అది నా తప్పే."

ఆవిడకి తెలుసు. ఎప్పట్నుంచి తెలుసో, ఎంత తెలుసో, తెలిసి కూడా ప్రతి ఆదివారం నా స్కూటరు వెనక ఎలా కూర్చున్నారో. అక్కడే, ఆ క్షణమే చెప్పేసి ఉండాల్సింది. "చార్జింగ్ అయిపోతోందండీ," అన్నాను. ఫోన్లో సగానికి పైగా ఉంది.

"సరేలే," అన్నారావిడ. "ఆదివారం రా. మిగతాది అప్పుడు."

ఆదివారం చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. చెప్పే మాటలు బాత్రూంలో తలుపేసుకుని రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. శుక్రవారం ఫోన్ మోగింది.

పెద్దకర్మ అయ్యాక సంపాదకుల వారు, ఉన్నంతవరకూ టైపు చేసి పంపమన్నారు. పామర్రు ముక్క దగ్గర నా కర్సరు రెండు రోజులు ఆగింది. ఒక్క మీట నొక్కితే పోతుంది. ఆ రికార్డింగు నా ఫోన్లోనే ఉంది, ఇంకెవరూ వినలేదు. అంతకన్నా సులువైన పని నా జీవితంలో ఎప్పుడూ తగల్లేదు, అంత భయం కూడా ఎప్పుడూ వెయ్యలేదు. ఆ మాట చెప్పిన మనిషి లేరు. అది ఎవరి మీద పడిందో వాళ్లం ఉన్నాం. ఒకణ్ణి నేను, రెండోవారు పామర్రులో ఆ ఇల్లాలు.

పోయిన ఆదివారం బయలుదేరాను. వెనక సీటు ఖాళీగా ఉంటే బండి తూలుతున్నట్టు అనిపించింది. ఉయ్యూరులో ఆ టీ కొట్టు ఇంకా ఉంది. అటు చూడకుండా పోనిచ్చాను. పామర్రులో ఆ గేటు ముందు ఒక్క నిమిషం ఆగి, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాను. మాస్టారి భార్యే నన్ను చూసి తలుపు తీశారు.

"విజయవాడ నుంచండీ. ఆపరేటరు గారి దగ్గర..."

"పోయారటగా. వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. రండి, కూర్చోండి. ఆయన లోపల పడుకున్నారు." చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. "ఏడాదికోసారి వచ్చేవారు. మా ఆయనే ఫోన్ చేసి పిలిచారు మొదట. పొద్దున బస్సుకి వచ్చి, సాయంత్రం బస్సుకి వెళ్లేవారు. మళ్లీ సాపు రాయమని ఒక్కసారి కూడా అనలేదు. అందుకే ఆవిడతో మాట్లాడేదాన్ని."

"ఎవరు చదవకుండా వెళ్లిపోయారో చెప్పారాండీ?"

"చెప్పలేదు. నా మనిషే, తిట్టాలంటే నన్ను తిట్టండి అన్నారు."

నా జ్వరాల సంగతి ఆపరేటరు గారికి తెలుసు. అందుకే పామర్రుకి నన్ను అడగకుండా, ఆ వయసులో, ఆ కళ్లతో, బస్సెక్కారు. ఏడేళ్లు ఆవిడకి భయపడ్డాను. ఆవిడ ఏడేళ్లూ నన్ను కాచుకొచ్చారు. ఈ లోకంలో నాకు అంత మేలు చేసినవాళ్లు లేరు.

కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాను. నిద్ర నటిస్తాననే చోట ఆ ఇల్లాలు నవ్వారు. పామర్రు ముక్క వచ్చింది. చదివాను. చదివి, కాగితం దించకుండానే, "ఆ పంపింది నన్నేనండీ. నేను రాలేదు. ఉయ్యూరులో ఆగిపోయి ఫోన్ చేశాను. మీరు విన్నారని ఆవిడకి అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. నేను తిట్టు కోసం చూస్తున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"అది ఆ కాగితంలో ఉందా?" అని అడిగారు.

"లేదండీ."

"రాయండి మరి. రాసి చదవండి."

నా దగ్గరున్నది ఆపరేటరు గారి ఎర్ర పెన్నే. చెల్లెలు గారు ఇచ్చారు. ఇన్నేళ్లూ కొట్టెయ్యడానికే వాడిన పెన్ను. పేజీ పక్క ఖాళీలో నా సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను. రాసింది చదవబోతే గొంతు సగంలోనే పడిపోయింది. నాకే సరిగా వినపడలేదు.

వంటింటి గుమ్మానికున్న కర్టెను కొద్దిగా కదిలింది. దాని కింద, గడపకి అవతల, రెండు ముసలి పాదాలు ఆగి ఉన్నాయి. ఆవిడ అటు తిరిగి చూడలేదు. చిక్కుడుకాయ ఈనె తీసి పళ్లెంలో వేశారు.

"కొంచెం గట్టిగా చదవండి," అన్నారు. "లోపల వింటున్నారు."